ఉప్పునీళ్ల ఎడారిలో తియ్యటి ఊరు

మీ ఇంటికి మంచినీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయండీ? రోజూ వస్తాయా? అయితే మరీ మంచిది. కాసేపు ఇలా కూర్చోండి, టీ మరుగుతోంది. ఈలోగా మీకో ఊరి సంగతి చెప్తాను. ఆ ఊళ్లో ఏ వైపు నడిచినా చివరికి సముద్రమే ఎదురొస్తుంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, అంటే హైదరాబాదు వానకి మూడింతల పైమాటే. అయినా ఎండలు ముదిరాయంటే ఆ ఊళ్లో గడప పక్కన ఒక నీలం డ్రమ్ము నిలబడి ఉంటుంది, ఇంట్లో మనిషిలాగా.

ఆ డ్రమ్ముని చూడగానే నాకు జైసల్మేర్ గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లాం. ఎడారి ఊరు. ఎండ పడితే కోట గోడలన్నీ పసుపు రాసుకున్నట్టు మెరుస్తాయి. అందరూ ఆ కోటని చూస్తుంటే మా ఆవిడ మాత్రం గడీసర్ చెరువు గట్టున కూర్చుండిపోయింది. ఒకప్పుడు ఊరంతటికీ అదే దిక్కు. వాన నీరు పట్టి దాచుకున్న చెరువు అది. ఏడాదంతా కలిపి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే చోట, చుక్క చుక్కనీ అలా లెక్కపెట్టుకుంటూ ఎనిమిది వందల ఏళ్లుగా జనం కాపురాలు చేస్తున్నారంటే ఆ మనుషుల మీద ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది? "నీళ్లు తక్కువైన చోట మనుషులు ఒకళ్లనొకళ్లు బాగా చూసుకుంటారు" అంది మా ఆవిడ. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లకి దాని అర్థం నాకు పూర్తిగా తెలిసింది ఎడారిలో కాదు, బంగాళాఖాతం నడిమధ్యన.

ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అందులో మేమున్న పేట గోల్ ఘర్.

మేం విమానంలో వెళ్లలేదు. ఓడలోనే వెళ్లాలని మా ఆవిడ పట్టుబట్టింది. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 56 గంటల ప్రయాణం. ఓడ పేరు హర్షవర్ధన. చౌకరకం టికెట్టుని బంక్ అంటారు, రైలు బెర్తుల్లాగే వరసగా పడకలు ఉంటాయి. కేబిన్ టికెట్టు తీసుకున్నా మేం ఎక్కువసేపు గడిపింది ఆ బంకుల దగ్గరే, ఎందుకంటే కబుర్లన్నీ అక్కడే. ఉల్లిపాయల బస్తాలు, ఆవకాయ జాడీలు, కొత్త పెళ్లికూతురి పెట్టె, ఒకాయన ఒళ్లో పెట్టుకుని కదలనివ్వకుండా మోసుకుపోతున్న కుట్టుమిషను తలకాయ. అందరూ తెలుగువాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మాట. వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌కి "వెళ్తున్నాం" అనటం లేదు, "ఇంటికి పోతన్నాం" అంటున్నారు. అప్పుడే నా చెవి నిక్కబొడుచుకుంది.

ఓడ రేవు దాటిన కాసేపటికి ఫోన్లు మూగబోయాయి. రెండో రోజు పొద్దున ఎటు చూసినా ఒక్క చెట్టు లేదు, ఒక్క పిట్ట లేదు. నీలం రంగు ఎడారి. అప్పుడప్పుడూ ఎగిరే చేపలు నీళ్లలోంచి లేచి, వెండి రజను చల్లినట్టు కొంతదూరం పోయి మళ్లీ మునిగిపోయేవి. ఇంత నీటి మీద పోతూ కూడా తాగే నీళ్లకి సీసా పట్టుకుని ఓడలో కుళాయి దగ్గర వరస కట్టాం. ఆ వరసలో ఒక పెద్దాయన అన్నాడు: "సూడండి బాబూ, సంద్రం మీద ఉన్నోడికే దాహం ఇలవ తెలస్తాది."

హడ్డో రేవులో దిగి, ఆటో ఎక్కి గోల్ ఘర్ చేరాం. గోల్ ఘర్ అంటే హిందీలో గుండ్రటి ఇల్లు. బీహారులో పాట్నాకి వెళ్లినవాళ్లకి ఈ పేరు వినగానే 1786లో కట్టిన ఆ పెద్ద ధాన్యపు గాదె గుర్తొస్తుంది. మన తెలుగు చెవికి మాత్రం ముందు "గోల" వినిపిస్తుంది. కానీ మేం దిగిన వీధిలో మధ్యాహ్నం వేళ ఎంత నిశ్శబ్దమో! ఎత్తుపల్లాల ఊరది. రోడ్డు ఒకచోట కొండెక్కినట్టు లేస్తుంది, ఇంకోచోట జారుడుబల్లలా దిగుతుంది. ఇళ్లు వాలుకి అతుక్కుని ఉంటాయి. మాకు గది ఇచ్చిన ఇల్లు వీధి వైపు నుంచి చూస్తే ఒక్క అంతస్తు, పెరటివైపు నుంచి చూస్తే రెండు. పైన రేకుల కప్పు, ఆ కప్పు చివర సగానికి కోసిన గొట్టం, గొట్టం కింద నీలం డ్రమ్ము.

ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. ఆవిడ పేరు నేను చెప్పను, మీరూ అక్క అనుకోండి, నేనూ అక్కా అనే పిలిచాను. పెట్టెలు లోపల పెట్టగానే నేను చేసిన మొదటి పని కుళాయి తిప్పి ముఖం కడుక్కోవటం. రెండు దోసిళ్లు ముఖాన కొట్టుకుని, మూడోది మెడ మీద పోసుకుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏటి బాబూ, అలాగ ఒలకబోసేస్తన్నారు? ఇయ్యాల నీల్ల రోజు కాదు."

కోపంతో అన్నమాట కాదది. చంటిపిల్లాడు అన్నం మెతుకులు కింద పోస్తుంటే తల్లి అంటుందే, ఆ గొంతు. మేమున్న రోజుల్లో ఆ వీధికి మూడు రోజులకొకసారి కుళాయి వచ్చేది. అక్క మాకు ఒక బకెట్టు, ఒక చెంబు, తాగటానికి ఒక బిందె ఇచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు కూరపాదుకి, కూర కడిగినవి కొబ్బరి మొక్కకి, బట్టలు ఉతికినవి గచ్చు కడగటానికి. ఆ లెక్క మా ఆవిడ పూటలో నేర్చేసుకుంది, నాకు రెండు రోజులు పట్టింది.

ఇంత వానపడే చోట ఇదేమిటని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. కారణం నేల తీరులోనే ఉంది. చిన్న దీవి, అంతా కొండలు. వాన పడ్డ నీరు గబగబా జారి సముద్రంలో కలిసిపోతుంది. మన గోదావరిలా, వంశధారలా నీటిని నెమ్మదిగా నడిపించే నది లేదు. ఊరంతా ముఖ్యంగా ఆధారపడేది ధనిఖారి అనే ఒక్క జలాశయం మీద. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ వచ్చి తడిపిపోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం ముఖం చాటేస్తుంది. ఆ నాలుగు నెలలూ పోర్ట్ బ్లెయిర్ ఒక జైసల్మేరే. అక్కడ చుట్టూ ఇసుక, ఇక్కడ చుట్టూ ఉప్పు. గడప పక్కన డ్రమ్ము మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇప్పుడు గడియారం సంగతి చెప్పాలి. మొదటి రోజు తెల్లవారుజామున కిటికీలోంచి ఎండ ముఖాన పడి లేచాను. ఆలస్యమైపోయిందని గాభరాపడి గడియారం చూస్తే అయిదున్నర! గడియారం మనదే, భారత కాలమానమే, పొద్దు మాత్రం వాళ్లదే. పోర్ట్ బ్లెయిర్ విశాఖకి తూర్పుగా దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు. అంటే విశాఖలో కంటే ముప్పై ఎనిమిది నిమిషాల ముందు, హైదరాబాదులో కంటే దాదాపు గంట ముందు సూర్యుడు వాళ్ల నడినెత్తికొస్తాడు. సాయంత్రం అయిదున్నరకే దీపాలు పెట్టేశారు. డిసెంబరులో అయితే అయిదు కొట్టకముందే పొద్దు వాలిపోతుందట. ఆరింటికి కటిక చీకటి, ఆకాశం నిండా చుక్కలు. "రాత్రి ఎనిమిదైందా?" అని మా ఆవిడ అడిగితే "ఆరున్నర" అన్నాను. ఆ సాయంత్రాలు ఎంత పొడుగో మీకెలా చెప్పను! మన ఊళ్లో ఆఫీసుకి, వంటకి, టీవీకి పోయే గంటలన్నీ అక్కడ మనిషికి మిగులుతాయి. ఆ మిగిలిన గంటల్లోనే అక్క తన కబుర్లన్నీ చెప్పింది.

ఆవిడ తెలుగు వింటుంటే ముచ్చటేసేది. శ్రీకాకుళం యాస, మధ్యమధ్య హిందీ. ఎదురింటి బెంగాలీ ఆవిడతో హిందీ, పక్కింటి తమిళావిడతో హిందీ, చేపల తట్ట దించే మనిషితో మాత్రం అచ్చతెలుగు. చేప ఒకటే, మేం వంజరం అంటే ఎదురింటావిడ సుర్మాయి అంది. ఆ వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే నాకు అయిదు భాషల అమ్మలు అయిదు గడపల్లోంచి పిలవటం వినిపించింది, పిల్లలు మాత్రం హిందీలో "ఆ రహా హూఁ" అని ఒకే జవాబు. 2011 జనగణన చూస్తే అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో బెంగాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు మొదటి స్థానంలో ఉంటే, తర్వాత హిందీ, తమిళం, ఆ వెనకే మన తెలుగు. నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. ఇక్కడ ఆంధ్రా అసోసియేషన్ ఉంది. 2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ కౌన్సిల్ అధ్యక్ష స్థానం తెలుగుదేశం పార్టీ సభ్యురాలికి దక్కింది కూడా. జంగ్లీఘాట్ వైపు వెళ్తే పడవల దగ్గర వినపడే మాటలకి, మీరు భీమిలిలో ఉన్నారో అండమాన్‌లో ఉన్నారో తెలియదు.

అక్కడివాళ్ల నోట మాటిమాటికీ వచ్చే మాట ఒకటుంది: మెయిన్‌ల్యాండ్. మనమంతా మెయిన్‌ల్యాండ్ వాళ్లం. ఉల్లిపాయ ధర పెరిగిందా, మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ రాలేదు. అబ్బాయి చదువుకెళ్లాడా, మెయిన్‌ల్యాండ్ వెళ్లాడు. కోడలు మెయిన్‌ల్యాండ్ పిల్ల. మొదట ఆ మాట నాకు దూరంగా వినిపించింది. నాలుగు రోజులు గడిచాక దానిలోని తీపి తెలిసింది. సముద్రానికి అవతల పుట్టిల్లు ఉన్న ఆడపిల్ల "మావాళ్లు" అన్నట్టుంటుంది ఆ మాట.

ఊరి పేట పేర్లు వినండి, కథల మూట విప్పినట్టుంటుంది. అబర్దీన్ బజార్, ఫీనిక్స్ బే, డాలీగంజ్, డెయిరీ ఫామ్, స్కూల్ లైన్, లంబా లైన్. శాదీపూర్ అని ఒక పేట. బ్రిటిష్ వాళ్లు ఇక్కడికి తెచ్చిన ఖైదీల్లో మంచి నడవడితో కొన్నేళ్లు శిక్ష గడిపినవాళ్లకు పెళ్లాడి కాపురం పెట్టుకునే అనుమతి దొరికిన రోజుల గుర్తు ఆ పేరు. ఆ పెళ్లిళ్లలో కులం అడిగే తీరిక ఎవరికుంది? పంజాబు నుంచి వచ్చిన అతనికి బెంగాలు నుంచి వచ్చిన ఆమె, ఆ పిల్లలకి హిందుస్తానీ. వాళ్ల సంతానమే తమని "లోకల్" అని గర్వంగా చెప్పుకునేవాళ్లు. తర్వాత 1921 మలబారు తిరుగుబాటులో పట్టుబడిన మాప్పిళ్లలు వచ్చారు. వాళ్లు వస్తూ తమ ఊళ్ల పేర్లు మూటగట్టి తెచ్చుకున్నారు. అందుకే దక్షిణ అండమాన్‌లో మీకు కాలికట్, మంజేరి, తిరూరు, వండూరు ఊళ్లు కనిపిస్తాయి. 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలు వచ్చాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. అడవి పనికి రాంచీ వైపు నుంచి కూలీలు వచ్చారు. చేపలు పట్టటానికి, రోడ్లు వేయటానికి, కలప మోయటానికి మన ఉత్తరాంధ్ర వాళ్లు వచ్చారు. అక్క వాళ్ల నాన్న అలా వచ్చినవాడే, 1883లో మొదలైన చాథం కలప మిల్లులో పని దొరికి.

"మాయ్యకి మొదట్లో పడౌక్ దుంగల వాసనంటే పడేది కాదంట. తరవాత అది నేకపోతే నిద్దరొచ్చేది కాదంట" అని అక్క చెప్పింది. పడౌక్ అంటే ఎర్రటి అండమాన్ కలప. అక్క ఇంట్లో మంచం, పీట, దేవుడి గూడు అన్నీ దానివే. అరవై ఏళ్ల పీట మీద చెయ్యి పెడితే నున్నగా, వెచ్చగా ఉంటుంది.

ఇక్కడ కాపురాలు పెట్టుకుని నిలదొక్కుకున్నవాళ్ల సంగతి ఇది. ఇక్కడ శిక్షలో మగ్గినవాళ్లని తలుచుకోకుండా ఈ ఊరి మీద ప్రేమ గురించి మాట్లాడటం నాకు ధర్మం అనిపించదు. 1857 తిరుగుబాటు అణిచాక 1858 మార్చి 10న మొదటి రెండు వందల మంది ఖైదీలని ఇక్కడ దించారు. సెల్యులార్ జైలు 1906 నాటికి పూర్తయింది. ఏడు రెక్కల కట్టడం, ఇప్పుడు మూడు మిగిలాయి. ఒక గదికి ఇంకో గది కనపడదు, ఎదురుగా ముందు రెక్క వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ వరండాలో నిలబడి నేను తలుచుకున్న మనిషి గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు దళంలోని గాం గంటందొరకి తమ్ముడు. మన్యం కొండల్లో పుట్టి పెరిగిన మనిషిని ఇంత సముద్రం అవతలికి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఆయన బతికి తిరిగి వెళ్లాడు. 1952లో స్వతంత్ర భారత తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్లాడు. ఆ గదిలోంచి ఆ సభలోకి! మన పిల్లలకి ఈ కథ బళ్లో చెప్తే బాగుండునని అక్కడే అనుకున్నాను.

వీళ్లందరి కంటే ముందు ఈ నేల ఎవరిదో కూడా అక్కే గుర్తు చేసింది. ఊళ్లో అబర్దీన్ పోరు స్మారకం ఉంది, వెళ్లి రండి అంది. 1859 మే 17న గ్రేట్ అండమానీయులు విల్లంబులతో బ్రిటిష్ తుపాకుల మీదకు వచ్చారు. ఖైదీల శిబిరం నుంచి పారిపోయి, అండమానీయులే తిండి పెట్టి కాపాడితే వాళ్లలో ఏడాది పాటు బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ, ఆ దాడి కబురు ముందే బ్రిటిష్ వాళ్లకి చేరవేశాడు. ఎందరో అండమానీయులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కొత్త జబ్బులు మిగిలినవాళ్లని తినేశాయి. ఇవాళ ఆ తెగలో మిగిలింది కొన్ని పదుల మంది. స్మారకం దగ్గర మేం చాలాసేపు నిలబడ్డాం. వచ్చిన ప్రతివాడికీ చోటిచ్చిన ఈ ఊరికి, చోటు పోగొట్టుకున్నవాళ్ల కథ కూడా ఉంది. రెండూ కలిపి మోయగలిగితేనే అది ప్రేమ అవుతుంది.

టీ చల్లారిపోతోంది, తాగండి. ఇంకొక్క చోటు చూపించి ఇంటికి తీసుకొస్తాను. ఊరు దాటి సిప్పీఘాట్ వైపు వెళ్తే రోడ్డు పక్కన నీళ్లలో నిలబడిన ఎండిన మోళ్లు కనిపిస్తాయి. అవి ఒకప్పటి పొలాలు. 2004 డిసెంబరు 26న భూమి కంపించినప్పుడు దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగిపోయింది. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది గాని, కుంగిన నేల మీదకి వచ్చిన ఉప్పునీరు మాత్రం వెళ్లలేదు. వరి పండిన చోట ఆటుపోట్లు తిరగటం మొదలైంది. మంచినీళ్లు ఎందుకు అంత పదిలంగా చూసుకుంటారో అప్పుడు నాకు ఇంకొంచెం అర్థమైంది. వాళ్ల కళ్ల ముందే తియ్యటి నేల ఒక్క పూటలో ఉప్పగా మారిపోయింది మరి.

ఇక మా నీళ్ల రోజు. మేముండగా మూడో నీళ్ల రోజు అది. ముందురోజు రాత్రే వీధంతా పండగ ముందు రాత్రిలా ఉంది. డ్రమ్ములు తోమారు, బిందెలు బోర్లించారు. తెల్లారీ తెల్లారకుండానే ఎదురింటి బెంగాలీ ఆవిడ "పానీ ఆ గయా!" అని కేక వేసింది. ఆ ఒక్క కేకకి వీధి మొత్తం లేచింది. అక్క ఇంట్లో తనకి పట్టుకున్నాక, గొట్టాన్ని గోడ మీదుగా పక్కింటికి ఇచ్చింది. పక్కింటి ముసలాయనకి కాలు నొప్పి, కిందకి దిగలేడు. తమిళావిడ ఆయన డ్రమ్ము నింపింది. నేనూ మా ఆవిడా రెండు బిందెలు మోసి మెట్లెక్కాం. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. ఆ పూట మేం చుట్టాలం కాదు, చూడటానికొచ్చినవాళ్లం కాదు, నీళ్లు మోసే చేతులం, అంతే. బిందె దించి నడుం పట్టుకుంటుంటే అక్క నా వైపు చూసి, "ఒలికించకండా తెచ్చినావు తమ్ముడూ" అంది. బాబూ పోయి తమ్ముడైంది. ఈ ఊరంటే నాకు మనసు పడింది ఎప్పుడని ఎవరైనా అడిగితే, ఆ మెట్ల మీద ఆ క్షణాన అని చెప్తాను.

వెళ్లేముందు రాత్రి అక్క మమ్మల్ని పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి ఒక మాట అడిగింది. ఆవిడ ఇక్కడే పుట్టింది, వాళ్ల నాన్న ఊరు ఎప్పుడూ చూడలేదు. శ్రీకాకుళం జిల్లాలో బారువ దాటి కొంచెం దూరంలో సముద్రం పక్కన చిన్న ఊరు.

"మాయ్య పొద్దు కూకితే అదే సెప్పేవోడు. మా ఊరి నూతినీల్లు ఎంత తియ్యగుంటాయో, ఒక్క సెంబుడు తాగితే ఆకలి తీరిపోద్దని. పోయేముందు కూడా ఆ నీల్లే అడిగినాడు. నువ్వెప్పుడైనా అటేపు ఎల్తే తాగి సెప్పు తమ్ముడూ, నిజమేనా అని."

మాట ఇచ్చాను. ఇచ్చినందుకు రెండు నెలల తర్వాత ప్రత్యేకంగా వెళ్లాను. బారువ వరకు బస్సు, అక్కడి నుంచి ఆటో. ఊళ్లో ఆ నుయ్యి ఇంకా ఉంది. వరల మీద నాచు, పక్కన వేపచెట్టు. ఇప్పుడు కుళాయిలు వచ్చాయి గాని, కొందరు వంటకి ఇంకా అవే నీళ్లు తోడుకుంటున్నారు. ఒకమ్మాయి చేద వేసి నీళ్లు తోడి నా దోసిట్లో పోసింది. తాగాను.

కాస్త ఉప్పగా ఉన్నాయి.

సముద్రం పక్కన నుయ్యి, ఉప్పదనం ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ అమ్మాయినే అడిగాను, ఇవి ఎప్పుడూ ఇలాగే ఉంటాయా అని. "మా తాతల నాటి నుంచీ ఇంతేనండి" అంది. నూతి వర మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. అక్కకి ఏం చెప్పాలి? తియ్యగా ఉన్నాయని చెప్తే ఆవిడ సంతోషిస్తుంది. కానీ మూడు రోజులకొకసారి వచ్చే నీళ్లలోంచి నాకు ఒక బిందె ఇచ్చిన మనిషికి నీళ్ల గురించి అబద్ధం ఎలా చెప్పను?

వేపచెట్టు కింద నుంచే వీడియో కాల్ చేశాను. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక ఇలా ముఖాలు చూసుకుంటూ మాట్లాడటం వాళ్లకి సులువైంది. అంతకు ముందు ఉపగ్రహాల మీద నడిచే నెట్‌తో బొమ్మ కదలటానికే తంటాలు పడేవాళ్లమని అక్కే చెప్పింది. తెర మీద అక్క ముఖం కనిపించింది. వెనక పడౌక్ గూడు, దీపం. మా దగ్గర ఇంకా ఎండ, వాళ్ల దగ్గర చీకటి పడిపోయింది. నుయ్యి చూపించాను, చేద చూపించాను, నీళ్లు చూపించాను. తర్వాత నిజం చెప్పాను.

"అక్కా, కొంచెం ఉప్పదనం ఉంది."

ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత నవ్వింది. కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"అలాగా? అయితే ఆ నీల్లు ఇక్కడికొచ్చినాకే తియ్యనైనాయన్నమాట మాయ్యకి."

ఆ మాట నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు మీకిచ్చాను, మీ దగ్గర పెట్టుకోండి.

నేను ఇప్పుడు గోల్ ఘర్ గురించి ఇలా తియ్యతియ్యగా చెప్తున్నానంటే, దూరం కొంత తీపి కలిపిందేమో. మోకాళ్లు నొప్పెట్టించిన ఆ ఎత్తు రోడ్లు, వంటికి అంటుకుపోయే ఆ ఉక్కపోత, చెంబుతో కొలిచి పోసుకున్న ఆ స్నానం, అన్నీ ఇప్పుడు నాకు ముద్దుగానే గుర్తొస్తున్నాయి. అక్క వాళ్ల నాన్న గోల్ ఘర్‌లో కూర్చుని బారువ పక్క నూతిని తలుచుకున్నాడు. నేను ఇక్కడ కూర్చుని గోల్ ఘర్ డ్రమ్ముని తలుచుకుంటున్నాను.

మా వంటింట్లో ఇప్పుడు క్యాలెండరు మీద మూడు రోజులకొకసారి మా ఆవిడ ఒక చిన్న చుక్క పెడుతుంది. మాకు కుళాయి రోజూ వస్తుంది. ఆ చుక్కలు మా కోసం కాదు. పొద్దున ఆ చుక్క ఉన్న తేదీ చూసి, "ఇవాళ అక్కకి నీళ్ల రోజు" అంటుంది. నేను బియ్యం కడిగిన నీళ్లు తీసుకెళ్లి కరివేపాకు మొక్కకి పోసి వస్తాను.